ఆరో గడిలో మంచు

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్లు. పొయ్యి దగ్గర నాయనమ్మ సెవెల్మా. పడమటి మంచం మీద ఒక బూటు విప్పేసి, రెండోది విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్న బాబాయి షగ్దార్. అతిథులు కూర్చునే వెనక భాగంలో, పొట్టి బల్ల నిండా గాజు గొట్టాలు పేర్చుకుని ఉయాంగా టీచరమ్మ. ఆమె పక్కన, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్న జీపు డ్రైవరు లొచిన్. మంచం కోడుకు కట్టేసిన రెండు మేకపిల్లలు, ఒకటి నిన్న పుట్టింది, రెండోది ఆ పొద్దున్నే. తలుపు పక్కన పిడకల పెట్టె మీద ఎనెరెల్. అమ్మా నాన్నా తమ్ముడికి టీకా వేయించడానికి మోటారు సైకిలు మీద జిల్లా కేంద్రానికి వెళ్లారు, సాయంత్రానికిగాని రారు.

ఈ లెక్కలో ఎనెరెల్‌ని ఎవరైనా మరిచిపోయినా తప్పు పట్టడానికి లేదు. పదహారేళ్లు వచ్చినా కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు ఆ పిల్లకి. మూడు రోజులు ఇంట్లో ఉండి వెళ్లిన ఉన్ని వ్యాపారి ఒకడు, పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆమెను చూసి "ఈ అమ్మాయి ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు. బాబాయి ఆ మాట చెప్పుకుని రెండేళ్లు నవ్వాడు.

ఉయాంగా నిజానికి పాఠాలు చెప్పే టీచరు కాదు. పట్నంలో మట్టిని పరీక్షించే చోట ఆమె ఉద్యోగం. కాకపోతే బాగా చదువుకున్న ఆడమనిషిని ఆ లోయలో ఇంకెలా పిలవాలో ఎవరికీ తెలియదు. మూడేళ్ల కిందట శరత్కాలంలో వచ్చి, వీళ్ల చలికాలపు మకాం వెనకున్న వాలులో ఆరు గడులు గీసి, చుట్టూ తీగ కంచె వేయించింది. మొదటి రెండు గడుల్లో మంచు పడ్డప్పుడల్లా ఊడ్చెయ్యాలి. మూడు, నాలుగు గడులను ముట్టుకోకూడదు. అయిదు, ఆరు గడులకు గాలి వచ్చే వైపు చెక్క పలకల గోడ కట్టించింది. గాలి మోసుకొచ్చిన మంచు ఆ గోడకు తగిలి దాని వెనక రాలి, నడుం లోతున పేరుకునేది. మంచు ఎక్కువున్న చోట నేలకు సారం ఎక్కువా, లేనిచోట తక్కువా అన్నది ఆమె తేల్చుకోదలచిన సంగతి.

ఊడ్చే పని బాబాయిది. "ఈ భూమ్మీద గడ్డినేలను చీపురు పెట్టి ఊడ్చిన మొదటి మగాణ్ణి నేనే. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు ఆ సంగతి మాత్రం చెప్పకండే" అనేవాడు వాళ్లతోనూ వీళ్లతోనూ.

ఇది మూడో చలికాలం, ఆఖరుది. మంచు కరిగిన నాలుగు రోజులకే టీచరమ్మ వచ్చి, ఆరు గడుల్లోనూ దక్షిణపు అంచు నుంచి మట్టి తీసి, ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి, గొట్టాల్లో పోసి మందు చుక్కలు వేసింది. నేలలో నత్రజని ఎంత ఉంటే నీళ్లు అంత గులాబీ రంగుకు తిరుగుతాయి. బల్ల మీద ఆరు గొట్టాలు వరసగా నిలబడ్డాయి. ఒకటీ రెండూ దాదాపు నీళ్లే. మూడూ నాలుగూ లేత గులాబీ. అయిదోది చిక్కగా, చలిగాలిలో తిరిగొచ్చిన పిల్లల బుగ్గల్లా ఉంది.

ఆరోది మళ్లీ నీళ్లే.

"మళ్లీ అదే" అంది టీచరమ్మ, కళ్లజోడు తీసి నుదుటి మీద పెట్టుకుని. "మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఇదే."

"ఆరోదానికి ఆకలి ఎక్కువేమో టీచరమ్మా, అంతా తినేసింది" అన్నాడు బాబాయి.

"నవ్వులాట కాదన్నా. అయిదు, ఆరు కవల పిల్లల్లాంటివి. ఒకే గోడ, ఒకే గాలి, ఒకే మట్టి. ఫిబ్రవరిలో వచ్చి నేనే కొలిచాను, రెండింటిలోనూ మంచు ఒకే లోతుంది. ఒకటి అవునంటే రెండోది కాదంటోంది. ఇట్లా పట్టుకెళితే మా పెద్దాయన ఒక్క మాటే అంటాడు, మంచు లోతుకీ నేల సారానికీ సంబంధమున్నట్టు తేలలేదు, ఫైలు మూసెయ్యమని. మూడేళ్ల పనమ్మా ఇది."

ఆఖరి మాట నాయనమ్మతో అంది. నాయనమ్మ గరిటెతో టీ ఎత్తి పోస్తూ వెనక్కి తిరగలేదు.

"ఇంకో రోజుండి చూడరాదూ?" అన్నాడు బాబాయి.

కళ్లు తెరవకుండానే డ్రైవరు లొచిన్ జవాబిచ్చాడు. "నదిలో నీళ్లు లేస్తున్నాయి. రేపు దాటాలంటే జీపుకి ఈత నేర్పాలి. మధ్యాహ్నం దాటితే నేను ఆగను."

ఎనెరెల్ పెట్టె మీద ఇంకొంచెం ముడుచుకుంది. ఆరో గడి ఎందుకు కాదంటోందో ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు తను. రెండోవాళ్లు పొయ్యి దగ్గర ఉన్నారు.

పోయిన శరత్కాలంలో టీచరమ్మ తిరిగి పట్నం వెళ్లేటప్పుడు నాయనమ్మ రెండు చేతులతో వీడ్కోలు పాలగిన్నె పట్టుకుని ఎదురు నిలబడి, "నువ్వు నిశ్చింతగా పో తల్లీ. ఒక్క గిట్ట కూడా ఆ కంచె దాటదు. ఇది సెవెల్మా మాట" అంది. సెవెల్మా మాట అంటే ఆ లోయలో చిన్న సంగతి కాదు. రెండు కుటుంబాలు మేత దగ్గర తగువుపడితే ఆమె ఏమంటే అదే సరిహద్దు. అన్నట్టుగానే చలికాలమంతా ఒక్క గొర్రె, ఒక్క గుర్రం కంచె దాటలేదు. ఒక మేకపోతు తల దూర్చబోతే కర్ర విసిరి దాని కొమ్ము విరగ్గొట్టింది.

కానీ చలికాలం ఇంట్లో నీళ్లంటే మంచే. మంచు తెచ్చి బానలో కరిగిస్తేనే టీ. మకాం చుట్టుపక్కల ఉన్నది ఏడొందల గొర్రెలు తొక్కి, పెంటికలు వేసిన మంచు. తొక్కని మంచు కావాలంటే గట్టు దాకా పోవాలి, ఈ ఏడు నాయనమ్మ మోకాళ్లు గట్టు ఎక్కనివ్వలేదు. ఇంటికి యాభై అడుగుల దూరంలో, ఏ జంతువూ తొక్కని మంచు, నడుం లోతున, తెల్లగా, కంచెలో ఉంది. ఆ మంచును అంత శుభ్రంగా కాపాడింది ఎవరు? తనే, అనుకుంది నాయనమ్మ. ఇంటికి దగ్గరది కాబట్టి ఆరో గడే. గోనెసంచి తీసుకుని వెళ్లడం, పైపై గుల్ల మంచు పక్కకు నెట్టి, ఎక్కువ నీళ్లిచ్చే అడుగు మంచు నేల కనబడేదాకా తవ్వి నింపుకోవడం, ఇంటి వెనక బస్తా నిలబెట్టడం. మర్నాడో ఆ మర్నాడో గాలి వీచి గొయ్యి మళ్లీ నిండిపోయేది, ఎవరూ ముట్టనట్టు.

"చూశావా, పొదుగులో పాలలాగ ఎంత తీసినా మళ్లీ వస్తుంది. టీచరమ్మ పశువుల్ని రానివ్వద్దంది గానీ మనుషుల్ని అన్లేదుగా" అనేది నాయనమ్మ.

తమ్ముడు పుట్టినప్పుడు ఎనెరెల్ అమ్మకు తోడుగా కేంద్రంలో ఉంది. డిసెంబరులో ఆమె తిరిగి వచ్చేసరికే ఆరో గడి దక్షిణపు అంచున గొయ్యి ఉంది. అప్పటి నుంచి సంచి ఆమె భుజానికి వచ్చింది.

అంతవరకైతే నేరం నాయనమ్మదే అనుకోవచ్చు. కానీ తర్వాత జరిగింది నాయనమ్మకి తెలియదు.

ఒక రోజు, గుర్రాల కనురెప్పల మీద కూడా మంచు కట్టేంత చలిలో, ఎనెరెల్ సంచి నింపాక చేతి తొడుగు జారి గోతిలో పడింది. దాన్ని అందుకోబోయి అరచెయ్యి నేలకు ఆనించింది. నేల మెత్తగా ఉంది. వేలితో నొక్కితే వేలు గోరు దాకా దిగింది. బయట దారి గడ్డపారకు కూడా లొంగదు, ఇక్కడేమిటి ఇలా ఉందని మళ్లీ నొక్కింది. వేలు వాసన చూసుకుంది. సెప్టెంబరులో వాన పడ్డప్పటి వాసన. మోకాళ్ల మీద అలాగే కూర్చుండిపోయింది, నాయనమ్మ "నీళ్లు తెమ్మంటే నదిని తవ్వుతున్నావా?" అని అరిచేదాకా.

వారం తర్వాత అదే చోట మళ్లీ తవ్వింది. పైన మంచు అదే నడుం లోతు. కింద నేల మాత్రం రాయి. ఒక జానెడు పక్కకు తవ్వితే అక్కడ మెత్తన. మధ్యలో గీత గీసినట్టుంది. ఎందుకు? పైన దుప్పటి ఒకటే కదా? ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. జనవరి అంతా, టీ కోసం కాకుండానే, సంచి ఒక సాకుగా పట్టుకుని వెళ్లి, గడి నడి మధ్యలో నాలుగు చోట్ల గోతులు తీసి, చెయ్యి పెట్టి చూసి, పూడ్చేసి వచ్చింది. ఎవరినీ అడగలేదు. అడగడానికి నోరు కావాలి.

ఇప్పుడు ఆ నాలుగు గోతులూ, ఆ బస్తాలన్నీ కలిసి బల్ల మీద రంగులేని గొట్టమై నిలబడ్డాయి.

టీచరమ్మ కళ్లజోడు మళ్లీ దించుకుంది. "అన్నా, తప్పుగా అనుకోకు. నువ్వు పొరపాటున ఆరో గడి కూడా ఊడ్చావా?"

బాబాయి విప్పిన బూటు మళ్లీ తొడుక్కుని లేచాడు. "నేనా? మూడేళ్లు చీపురు పట్టాను టీచరమ్మా. ఒకటీ రెండూ లెక్కపెట్టడం వచ్చు నాకు."

"రాత్రి తాగి వచ్చి ఎప్పుడైనా..."

"తాగి వచ్చి ఊడ్చేవాణ్ణయితే మా అమ్మ నాకు ఎప్పుడో పెళ్లి చేసేది!"

లొచిన్ నిద్రలోనే నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు. చిన్న పుస్తకంలో ఆరో గడి పక్కన ఏదో రాసి, దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆగింది. బాబాయి ఆ గీతను చూశాడు. ఎప్పుడూ జోకు లేకుండా ఉండని ఆ ముఖంలో ఒక్కసారిగా జోకు ఆరిపోయింది. "నా వల్లే అని రాసుకున్నారా?" అని మాత్రం అడిగాడు.

"అమ్మాయ్, పిడకలు" అంది నాయనమ్మ.

పెట్టెలో పిడకలు నిండుగా ఉన్నాయి. అయినా ఎనెరెల్ లేచి బయటికి నడిచింది. వెనకే నాయనమ్మ వచ్చి, తలుపు దగ్గరగా వేసి, పిడకల కుప్ప పక్కన ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"పుట్టినప్పటి నుంచి నోట్లో నాలుక లేనిదానివి. ఇవాళ కూడా అలాగే ఉండు."

"బాబాయిని అంటున్నారు నాయనమ్మా."

"వాణ్ణి అననీ. వాణ్ణి ఊరంతా అంటుంది, వాడికి తగలదు. నేను పాలగిన్నె పట్టుకుని మాటిచ్చాను. అతిథి నన్ను నమ్మి పోయింది. ఆ నమ్మినదాన్ని నేనే టీలో కాచి తాగానని తెలిస్తే, రేపటి నుంచి ఈ లోయలో నా మాట ఎవడు వింటాడే?"

నాయనమ్మ రెండు పిడకలు ఎత్తి ఎనెరెల్ చేతుల్లో పెట్టి, లోపలికి పోయింది.

ఎనెరెల్ అక్కడే నిలబడింది. చెబితే నాయనమ్మ మాట పోతుంది. చెప్పకపోతే టీచరమ్మ మూడేళ్ల పని ఒక అబద్ధంతో పట్నం చేరుతుంది, బాబాయి పేరు ఆ పుస్తకంలో గీత కింద ఉండిపోతుంది. ఇవి రెండూ కాక, సిగ్గుపడాల్సిన మూడోది కూడా ఉంది: మంచు మళ్లీ నిండినా నేల ఎందుకు మెత్తబడలేదో చెప్పగల మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ మనిషి మధ్యాహ్నానికి వెళ్లిపోతుంది.

లోపలికి వెళ్లి, పిడకలు కింద పెట్టి, బల్ల ముందు నిలబడింది. గొంతు తనది కాదన్నట్టు వచ్చింది.

"నేను తవ్వాను."

అందరూ ఆమె వైపు తిరిగారు. లొచిన్ కూడా కళ్లు తెరిచాడు.

"ఆరో గడిలో. మధ్యలో. జనవరిలో నాలుగు చోట్ల." ఊపిరి పీల్చుకుని, "నేల మెత్తగా ఉందా లేదా అని చూడటానికి" అంది.

"మెత్తగానా?" టీచరమ్మ మందలిస్తుందని చూసింది ఎనెరెల్. టీచరమ్మ మాత్రం గబగబా ముందుకు వంగింది. "ఎంత మెత్తగా?"

ఎనెరెల్ చూపుడు వేలి గోరు చూపించింది.

"జనవరిలో?!"

మరో మాట లేకుండా టీచరమ్మ గొట్టాలూ మందూ బుట్టలో వేసుకుని బయటికి నడిచింది. ఎనెరెల్ వెంటపడింది. బాబాయి వెళుతూ వెళుతూ ఆమె నెత్తి మీద చిన్నగా మొట్టి, "నాలుక ఉందే నీకు!" అన్నాడు. లొచిన్ సూర్యుణ్ణి చూసి, జీపు బానెట్ ఎత్తి, చేసేదేమీ లేకపోయినా లోపలికి తొంగి చూడటం మొదలుపెట్టాడు. నాయనమ్మ కదల్లేదు.

గడిలో పోయిన ఏటి గడ్డి, నేలకు అంటుకుపోయి, రంగు వెలిసి ఉంది. ఎనెరెల్ గోతులు తీసిన చోట్లు గుర్తుపట్టి వేలితో చూపించింది. టీచరమ్మ నడుమ నుంచీ, ఉత్తరం వైపు నుంచీ, దక్షిణపు అంచు నుంచీ చెంచాడు చెంచాడు మట్టి తీసి, అక్కడే మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలో కలిపింది. మందు చుక్కలు వేశాక చెప్పింది, గొట్టం ఊపుతూ:

"మీ నాయనమ్మ అంటుంది చూడు, మంచు కింద నేల నిద్రపోతుందని. నిద్రపోదు. తింటుంది. కంటికి కనబడని పురుగులుంటాయి మట్టిలో. మంచు మందంగా ఉంటే నేల గడ్డకట్టదు, అవి చలికాలమంతా పాత వేళ్లూ ఆకులూ తింటూ కూర్చుంటాయి. అవి తిని వదిలిందే ఈ గులాబీ రంగు. వసంతంలో గడ్డి మొదటి భోజనం అదే. నేల గట్టిపడిందా, వాటి నోరు మూతపడుతుంది."

"తవ్వాక మంచు మళ్లీ నిండింది. అదే లోతు" అంది ఎనెరెల్. ఇంత పొడుగు మాటలు ఒక్క రోజులో ఆమె ఎప్పుడూ అనలేదు. "అయినా నేల మళ్లీ మెత్తబడలేదు. మార్చి దాకా చూశాను. రాయిలాగే ఉంది. ఎందుకని?"

టీచరమ్మ గొట్టం ఊపడం ఆపేసింది.

"చలికి గడ్డకట్టిన మనిషికి దుప్పటి కప్పితే ఏమవుతుంది?"

"లోపల వెచ్చదనం ఉంటేగా..." అని ఆగిపోయింది ఎనెరెల్. "దుప్పటి వెచ్చబరచదు. ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. చలి ఉంటే చలిని."

"మూడేళ్లుగా నేను మంచు లోతు కొలుస్తున్నాను" అంది టీచరమ్మ నెమ్మదిగా, తనతో తను చెప్పుకుంటున్నట్టు. "ఎప్పుడు కప్పిందన్నది ఎవరం కొలవలేదు."

గొట్టాలు రంగు తేలాయి. ఉత్తరం వైపుది చిక్కటి గులాబీ, అచ్చం అయిదో గడిలా. టీచరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నడుమ నుంచి తీసింది పాలిపోయిన గులాబీ. దక్షిణపు అంచుది నీళ్లు.

చప్పట్లు ఆగాయి. "నువ్వు తవ్వింది నడుమ అన్నావు. మరి అంచు నడుమ కంటే తెల్లగా ఉందేం?"

ఎనెరెల్ బూటు కొనవైపు చూసింది.

"జనవరిలో తవ్విన చోట కొంచెమైనా రంగుంది. అక్కడ అదీ లేదు. అంటే అక్కడ నేల ఇంకా ముందే, చలికాలం మొదట్లోనే బయటపడి ఉండాలి." టీచరమ్మ తల తిప్పింది. "అన్నా, నిజం చెప్పు. అంచు దాకా చీపురు పోయిందా?"

బాబాయి కంచె గుంజను బూటుతో తట్టుకుంటూ నిలబడ్డాడు. అది ఎనెరెల్ భరించలేకపోయింది. జోకు వెయ్యని బాబాయిని ఆమె తాత పోయిన రోజున తప్ప చూడలేదు.

"టీకి" అంది.

"ఏంటీ?"

"టీకి తీసుకెళ్లాం. మంచు. బస్తాల్లో. అడుగు మంచు, నేల కనబడేదాకా. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టి లోపలికి జరుగుతూ పోయాం. మళ్లీ నిండేది కదా, అందుకని..."

బాబాయి కంచె గుంజ పట్టుకుని వంగిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగలేదు, కళ్ల వెంట నీళ్లు కారాయి. "టీచరమ్మా! ఫిబ్రవరిలో మీరొచ్చినప్పుడు ఏడు గిన్నెలు తాగారు! ఎంత బావుంది పెద్దమ్మా, పట్నంలో నీళ్లు ఇట్లా ఉండవు అన్నారు! మీ పరిశోధనంతా మీరే తాగేశారు కదండీ!"

ఆ అరుపు గట్టు దాకా వినబడి ఉంటుంది. లొచిన్ బానెట్‌కు తల కొట్టుకున్నాడు. ఇంటి తలుపు తెరుచుకుంది. నాయనమ్మ గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటెతో. అక్కణ్ణుంచి ముఖం కనబడలేదు గానీ, గరిటె కదలకుండా ఉండటం కనబడింది.

టీచరమ్మ కూడా నవ్వుతోంది, కానీ నవ్వుతూనే పుస్తకం తీసి, ఆరో గడి మీద గీసిన గీతను రబ్బరుతో చెరుపుతోంది. "షగ్దార్ అన్నా, క్షమించు. చీపురు నిర్దోషి." తర్వాత ఎనెరెల్ భుజం పట్టుకుంది. "ఇది పాడైపోయిన గడి కాదే అమ్మాయ్. వారం వారం దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక్కో అడుగే నేల బయటపెట్టుకుంటూ పోయారు మీరు. కావాలని చేద్దామన్నా నాకు ఇంత బాగా కుదిరేది కాదు. ఏ వారం ఎక్కడ తవ్వారో చెప్పగలవా?"

"డిసెంబరు పదో తారీఖు నుంచి చెప్పగలను. రాసుకున్నాను."

"అంతకు ముందు?"

"అంతకు ముందు నేను లేను."

"మొదటిసారి నేల బయటపడిన రోజే కావాలి నాకు. మిగతా లెక్కంతా దాని మీద నిలబడుతుంది. ఎవరికి తెలుసు?"

ఎనెరెల్ ఇంటివైపు చూసింది. టీచరమ్మ కూడా చూసి, అర్థం చేసుకుంది. "నేను వెళ్లి అడగనా?"

మీరడిగితే అతిథికి జవాబు చెప్పుకుంటున్నట్టుంటుంది, నాయనమ్మ చెప్పదు, అనాలనుకుంది ఎనెరెల్. అనకుండా తల మాత్రం అడ్డంగా ఊపి నడిచింది. యాభై అడుగులు. చలికాలంలో బస్తా మోస్తూ నడిచిన దారే, ఎన్నడూ ఇంత పొడుగు అనిపించలేదు.

నాయనమ్మ గుమ్మానికి లోపల నిలబడింది, ఎనెరెల్ బయట. మధ్యలో గడప. లోపల పొద్దున్న పుట్టిన మేకపిల్ల అరుస్తోంది.

"నాయనమ్మా" అంది.

"నీ నోటికి ఇన్నాళ్లకి తాళం తీసే రోజు ఇవాళే దొరికిందా?" అంది నాయనమ్మ. అరవలేదు. అరిస్తే బావుండేది. "చీపురువాడి పేరు బాగుపడింది. టీచరమ్మ పుస్తకం బాగుపడింది. ఇంకేం కావాలి?"

"మొదటి బస్తా ఏ రోజు ఎత్తావు?"

నాయనమ్మ ఆమె ముఖంలోకి చూసింది, ఈ పిల్ల ఎప్పుడొచ్చింది అన్నట్టు. "క్షమించమని అడగడానికి వచ్చావనుకున్నాను."

"అది కూడా. కానీ జీపు వెళ్లిపోతుంది."

గడి దగ్గర టీచరమ్మ ఎవరి వైపూ చూడకుండా, మట్టి చెంచా పదే పదే తుడుస్తోంది. బాబాయి నవ్వు ఆగిపోయింది.

"నవంబరు" అంది నాయనమ్మ చివరికి. "మీ తాత ఎర్రగుర్రాన్ని తోడేళ్లు పట్టిన మూడో రోజు. పద్దెనిమిదో, పంతొమ్మిదో. గాలి లేదు. ఒక్కదాన్నే వెళ్లాను." గరిటె ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నేల మెత్తగానే ఉంది. నేను కూడా చెయ్యి పెట్టి చూశాను."

ఎనెరెల్ ఇంకేదో అడగబోయింది. ఎంతసేపు పెట్టావు, వాసన చూశావా, నీకూ వింతగా అనిపించిందా అని.

"పద్దెనిమిది అని రాసుకోమను. ఇక పో" అని, నాయనమ్మ తలుపు ఆమె ముఖం మీదే వేసేసింది.